హైదరాబాద్‌లో క్రాఫ్ట్ బీర్‌ని రుచి తెలిసి తాగడం ఎలా?

వైన్ షాపు కౌంటర్ దగ్గర మనకు అలవాటైన మాటలు రెండే. వాళ్లు "స్ట్రాంగా, లైటా?" అంటారు, మనం "కూలింగ్ ఉందా?" అంటాం. ఎండలోంచి వచ్చి ఆ చల్లటి సీసా పట్టుకోవడంలో సుఖం ఉంది, దాన్ని నేను తక్కువ చేయను. కానీ బీరంటే అంతే అనుకుంటే మాత్రం మన ఊళ్లోనే, మన కళ్లముందే తయారవుతున్న మంచి రుచులెన్నో తెలియకుండా పోతాయి.

క్రాఫ్ట్ బీరంటే పెద్ద ఫ్యాక్టరీలో కాకుండా మైక్రోబ్రూవరీల్లో, అంటే చిన్న బీరు తయారీ కేంద్రాల్లో, తక్కువ మోతాదులో చేసే బీరు. పుణెలో డూలాలీ అనే మైక్రోబ్రూవరీ 2009లో మొదలైంది, బెంగళూరు ఇందిరానగర్‌లో టాయిట్ 2010లో వచ్చింది. తెలంగాణ ప్రభుత్వం మైక్రోబ్రూవరీల నిబంధనలు 2015లో తెచ్చింది. ఆ తర్వాతే జూబ్లీహిల్స్, హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు ఒక్కొక్కటిగా బ్రూపబ్‌లు, అంటే తమ బీరు తామే తయారుచేసి అక్కడే పోసే పబ్‌లు, వెలిశాయి. అందులో ఒకటి మన ఎస్టీడీ కోడ్‌నే పేరుగా పెట్టుకుంది: జీరో ఫార్టీ. వీటిలో కొన్ని మూతపడుతుంటాయి, కొత్తవి వస్తుంటాయి. అందుకే ఇక్కడ "టాప్ టెన్" జాబితా ఇవ్వడం లేదు. ఎక్కడికి వెళ్లినా మంచి బీరును గుర్తుపట్టడం ఎలాగో చెబుతాను.

ఇది ఇప్పటికే బీరు తాగే అలవాటున్న, 21 ఏళ్లు నిండినవాళ్ల కోసం రాస్తున్నది. తెలంగాణలో అంతకన్నా చిన్నవాళ్లకు మద్యం అమ్మకూడదు. తాగని వాళ్లు దీనికోసం కొత్తగా మొదలుపెట్టాల్సిన అవసరమేమీ లేదు.

వెళ్లే రోజు చూసుకోండి

శుక్ర, శనివారాల రాత్రి బ్రూపబ్‌కి వెళ్తే డీజే మోత తప్ప ఏమీ తెలియదు. వెయిటర్లకు ఊపిరి తీసుకునే తీరిక ఉండదు, మీరేదైనా అడిగినా సమాధానం చెప్పలేరు. మంగళవారమో బుధవారమో సాయంత్రం ఆరు, ఆరున్నరకు వెళ్లండి. టేబుల్ దగ్గర కాకుండా బార్ కౌంటర్ దగ్గర కూర్చోండి. చాలాచోట్ల అక్కణ్నుంచి అద్దం వెనక స్టీలు ట్యాంకులు కనిపిస్తాయి. ట్యాప్ తిప్పే అబ్బాయి మీకు ఎదురుగా ఉంటాడు. నిజానికి మీరు నేర్చుకోబోయే దాంట్లో సగం అతని దగ్గరే దొరుకుతుంది.

వెళ్లేముందు ఏదైనా తినండి. ఖాళీ కడుపుతో రుచి చూడటం కుదరదు, మొదటి గ్లాసుకే కిక్ ఎక్కుతుంది. ఆ సాయంత్రానికి ఘాటైన పెర్ఫ్యూమ్, పాన్, సిగరెట్ పక్కన పెట్టండి. బీరు రుచిలో ఎక్కువ భాగం ముక్కుతోనే తెలుస్తుంది.

"స్ట్రాంగ్ ఏదుంది?" అనే ప్రశ్న మానేయండి

దాని బదులు ఇలా అడిగి చూడండి: "అన్నా, ఈ వారం ట్యాప్‌లోకి కొత్తగా వచ్చింది ఏది?" ఈ ఒక్క ప్రశ్నకే అవతలివాళ్ల ముఖం మారుతుంది. మీకు బీరు మీద ఆసక్తి ఉందని వాళ్లకు అర్థమవుతుంది.

కొత్తది ఎందుకు అడగాలంటే, సీసా బీరును చాలావరకు వడగట్టి, పాశ్చరైజ్ చేసి, నెలల తరబడి నిలవ ఉండేలా చేస్తారు. బ్రూపబ్ బీరు సాధారణంగా అలా ఉండదు. ట్యాంకులోంచి నేరుగా గ్లాసులోకి వస్తుంది, చాలా రకాల్లో దాన్ని పులియబెట్టిన ఈస్ట్ ఇంకా బతికే ఉంటుంది. కల్లు తెలిసినవాళ్లకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు. పొద్దున దించిన తాటికల్లు తియ్యగా ఉంటుంది, మధ్యాహ్నానికి పులుపు ఎక్కుతుంది, సాయంత్రానికి ఘాటవుతుంది. చెట్టు దగ్గర తాగినదానికీ బస్తీకి చేరినదానికీ ఉన్న తేడా మన తాతలకు బాగా తెలుసు. బీరులో ఆ మార్పు గంటల్లో రాదు, రోజుల్లో, వారాల్లో వస్తుంది. గోధుమ బీరు, ఐపీఏ (చేదు ఎక్కువుండే ఇండియా పేల్ ఏల్) లాంటివి తాజాగా ఉన్నప్పుడే తాగాలి. నల్లటి బీరు స్టౌట్‌కి కొంత వయసొచ్చినా ఫర్వాలేదు.

మెనూలో రెండు అంకెలు చూడండి. ఏబీవీ అంటే ఆల్కహాల్ శాతం. ఐబీయూ అంటే హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే ఒక తీగ పూలు) నుంచి వచ్చే చేదు ఎంతుందో చెప్పే కొలత. గోధుమ బీరు హెఫెవైజెన్‌కి ఐబీయూ 8 నుంచి 15 వరకు ఉంటుంది, ఐపీఏకి 40 నుంచి 70 దాకా వెళ్తుంది. చేదు అస్సలు పడని వాళ్లు ఈ అంకె చూసి ఆర్డర్ చేస్తే డబ్బు వృథా కాదు.

మొదట శాంప్లర్, తర్వాతే పింట్

నేరుగా పెద్ద గ్లాసు చెప్పకండి. చాలా బ్రూపబ్‌లలో నాలుగైదు రకాలను చిన్న గ్లాసుల్లో పోసి ఒక చెక్క పలక మీద పెట్టి ఇస్తారు, దాన్నే శాంప్లర్ అంటారు. అది లేకపోతే ఒక్క గుక్క రుచి చూపించమని మొహమాటపడకుండా అడగండి. చాలాచోట్ల ఇస్తారు.

లేత రుచి నుంచి గాఢమైన రుచికి వెళ్లాలి. ముందు లాగర్ (చల్లగా పులియబెట్టే రకం) లేదా పిల్స్‌నర్, తర్వాత గోధుమ బీర్లు, ఆ తర్వాత ఎర్రటి ఏల్ (కాస్త వెచ్చగా పులియబెట్టే రకం), ఐపీఏ, చివర స్టౌట్. ఐపీఏ ముందు తాగితే ఆ చేదు నాలుక మీద ఉండిపోయి తర్వాతి బీర్లన్నీ నీళ్లలా అనిపిస్తాయి. ప్రతి గ్లాసు మధ్యలో రెండు గుక్కలు మామూలు నీళ్లు తాగండి.

వీటి గురించి క్లుప్తంగా. పిల్స్‌నర్ 1842లో పిల్జెన్ ఊళ్లో పుట్టింది, ఇప్పుడది చెక్ దేశంలో ఉంది. మనకు అలవాటైన సీసా లాగర్లన్నీ దూరపు చుట్టరికంలో దీని సంతానమే. లాగర్‌ని చల్లగా, వారాల తరబడి పులియబెట్టాలి, ట్యాంకు అన్నాళ్లూ ఖాళీ అవ్వదు, పైగా లోపముంటే దాచడానికి వేరే రుచులేవీ ఉండవు. అందుకే ఒక బ్రూపబ్ పనితనం తెలియాలంటే నేను ముందు దాని లాగర్ రుచి చూస్తాను. అది శుభ్రంగా, తేలిగ్గా ఉంటే మిగతావాటి మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

బెల్జియన్ విట్ అనే గోధుమ బీరులో ధనియాలు, నారింజ తొక్క వేస్తారు. మన వంటింటి వాసన కాబట్టి చాలామంది తెలుగువాళ్లకు మొదట నచ్చేది ఇదే. స్టౌట్‌లో బాగా వేయించిన బార్లీ ఉంటుంది, చిక్కటి డికాక్షన్ వాసన వస్తుంది. నల్లగా ఉంటే స్ట్రాంగ్ అనుకోవడం పొరపాటు. నాలుగున్నర శాతం స్టౌట్‌లూ ఉన్నాయి, ఎనిమిది శాతం లేత రంగు లాగర్లూ ఉన్నాయి.

ఒక్క గ్లాసును దగ్గరగా చూద్దాం

ఉదాహరణకు హెఫెవైజెన్ తీసుకుందాం. హైదరాబాద్‌లో దాదాపు ప్రతి బ్రూపబ్‌లోనూ ఏదో ఒక పేరుతో ఇది దొరుకుతుంది.

ముందు గ్లాసు. ఫ్రీజర్లో పెట్టి మంచు పట్టిన మగ్గు ఇస్తుంటే వద్దని చెప్పండి. ఆ మంచు కరిగి బీరు పల్చబడుతుంది, నాలుక మొద్దుబారి వాసన సగం తెలియదు. మామూలు గ్లాసు అడగండి. పోశాక పక్కనుంచి చూడండి. గ్లాసు గోడకు లోపలివైపు బుడగలు అంటుకుని కదలకుండా ఉంటే గ్లాసు సరిగ్గా కడగలేదన్నమాట. నూనె, సబ్బు జాడ ఉన్నచోటే అవి అలా అతుక్కుంటాయి. శుభ్రమైన గ్లాసులో బుడగలు కింద నుంచి పైకి లేస్తూనే ఉంటాయి, తాగుతున్నకొద్దీ ప్రతి గుక్క దగ్గరా నురగ ఒక గీతలా గోడకు మిగులుతుంది.

నురగ లేకుండా అంచుదాకా పోయమని గొడవ పడేవాళ్లను చూస్తుంటాం. డబ్బులు పెట్టి నురగ ఎందుకు కొనాలన్న బాధ అర్థమవుతుంది. కానీ వాసనను పట్టి ఉంచేది ఆ నురగే. గోధుమ బీరుకైతే రెండు మూడు వేళ్ల మందం ఉండాలి. గోధుమలోని ప్రోటీన్ వల్లే అది అంత తెల్లగా, గట్టిగా నిలబడుతుంది.

రంగు మబ్బుగా, లేత పసుపులో ఉంటుంది. అది పాడైపోయిన గుర్తు కాదు, ఈస్ట్, ప్రోటీన్ తేలుతుండటం వల్ల అలా కనిపిస్తుంది. ఇప్పుడు గ్లాసును కొంచెం తిప్పి, ముక్కు దగ్గర పెట్టి చిన్నచిన్నగా రెండుసార్లు వాసన చూడండి. మొదట పండిన చక్కెరకేళి అరటిపండు తగులుతుంది. దాని వెనకే లవంగం. చాలామంది అరటి ఎసెన్స్ కలిపారనుకుంటారు. ఏమీ కలపలేదు. ఆ రకం ఈస్ట్ పులియబెడుతున్నప్పుడు ఐసోఅమైల్ ఎసిటేట్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది, అరటిపండు వాసనకు కారణమూ అదే. లవంగం వాసన ఇచ్చే పదార్థమూ ఆ ఈస్ట్ నుంచే వస్తుంది. కాస్త వెచ్చగా పులియబెడితే అరటి పెరుగుతుంది, చల్లగా పులియబెడితే సాధారణంగా లవంగం ముందుకొస్తుంది. బ్రూవర్ (బీరు తయారుచేసే మనిషి) పనితనం అంతా ఇక్కడే ఉంది.

మొదటి గుక్క కొంచెం పెద్దదే తీసుకోండి. నోరంతా తిరగనివ్వండి, మింగాక ముక్కుతో ఊపిరి వదలండి. ఆ వదిలినప్పుడు వచ్చే రుచే అసలైనది. రెండో గుక్కకు తియ్యదనం ఎంతుంది, నోట్లో పల్చగా ఉందా చిక్కగా ఉందా, మింగాక రుచి ఎంతసేపు నిలిచింది అని గమనించండి. పది నిమిషాలు ఆగి మళ్లీ తాగండి. చలవ తగ్గేకొద్దీ కొత్త వాసనలు బయటికొస్తాయి. స్టౌట్‌లో అయితే ఈ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. చల్లగా ఉన్నప్పుడు చేదుగా మాత్రమే అనిపించినది, 10 డిగ్రీలు దాటాక చాక్లెట్ వాసన మొదలుపెడుతుంది.

తేడా కొడితే చెప్పండి

కొత్త రుచికీ పాడైన రుచికీ తేడా తెలియాలి. లాగర్‌లో వెన్న రాసిన పాప్‌కార్న్ వాసన వస్తే అది డయాసిటైల్. పులిసే పని పూర్తవకముందే బీరును చల్లబరిచినా, ట్యాప్ పైపులు శుభ్రం చేయకపోయినా వస్తుంది. ఉడికించిన మొక్కజొన్న పొత్తు వాసన, పచ్చి ఆపిల్ వాసన, తడిసిన అట్టపెట్టె వాసన: మొదటిది సాధారణంగా సరిగ్గా మరిగించకపోవడం వల్ల, రెండోది తొందరపడి తీయడం వల్ల, మూడోది గాలి తగలడం వల్ల వస్తాయి. పుల్లగా ఉండకూడని బీరు పుల్లగా ఉంటే పైపుల మీద అనుమానపడండి.

ఇలాంటప్పుడు గొంతు పెంచాల్సిన పనిలేదు. "ఇందులో వెన్న వాసన వస్తోంది, ఒకసారి మీరూ చూస్తారా?" అంటే చాలు. మంచి చోట గ్లాసు మారుస్తారు, బ్రూవర్‌ని పిలిచి చూపిస్తారు కూడా. వాదించి పంపేచోటికి మళ్లీ వెళ్లనవసరం లేదు. అయితే కావాలనే పుల్లగా చేసే సవర్ బీర్ ఆర్డర్ చేసి పులుపుందని తిప్పి పంపకండి. జర్మనీ వాళ్ల గోజె అనే రకంలో ఉప్పు, ధనియాలు కూడా వేస్తారు. కల్లు ఇష్టపడేవాళ్లకు ఈ రకాలు నచ్చే అవకాశం ఎక్కువ.

పక్కన ఏం తినాలి

మంచింగ్ దగ్గర మనవాళ్లకు కారమే ముఖ్యం. ఇక్కడ ఒక్క విషయం తెలిస్తే సాయంత్రం బాగుంటుంది. హాప్స్ చేదు, ఆల్కహాల్, గ్యాస్ ఈ మూడూ మిరపకాయ మంటను పెంచేవే. ఐపీఏ తాగుతూ గుంటూరు కారం దట్టించిన కోడివేపుడు తింటే రెండింటి రుచీ పోయి మంట ఒక్కటే మిగులుతుంది. మంటే కావాలనుకునేవాళ్లు ఉంటారు, వాళ్లిష్టం. నేనైతే కారంగా ఉన్నదానికి హెఫెవైజెన్ గానీ విట్ గానీ తీసుకుంటాను. చేదు తక్కువ, కొంచెం తియ్యదనం ఉంటుంది కాబట్టి కారాన్ని తగ్గిస్తుంది.

అపోలో ఫిష్, కరివేపాకు రొయ్యల వేపుడు లాంటివాటికి విట్ చక్కగా కుదురుతుంది. చేపకు నిమ్మకాయ పిండుకున్నట్టే, నారింజ తొక్క ఆ పని చేస్తుంది. నూనెలో వేగిన మిర్చి బజ్జీ, ఉల్లి పకోడీకి పిల్స్‌నర్ సరిపోతుంది, దాని గ్యాస్ నోట్లోని నూనెను కడిగేస్తుంది. తలావా గోష్త్, పత్తర్ కా గోష్త్ లాంటి బాగా కాలిన, మగ్గిన మాంసానికి ఎర్రటి ఏల్, డుంకెల్ లాంటి ముదురు రంగు బీర్లు. వేయించిన మాల్ట్‌లోనూ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) కాలిన మాంసంలోనూ ఒకే రకం రుచులు ఉంటాయి. చివర్లో స్టౌట్‌తో ఖుబానీ కా మీఠా ఒక్కసారి తిని చూడండి. ఆ ఆప్రికాట్ తియ్యదనానికి స్టౌట్ చేదు తోడైతే డెజర్ట్‌తో బీరేంటన్న సందేహం పోతుంది.

ఉప్పు వేసిన పల్లీలు, ఉడకబెట్టిన శనగలు దేనితోనైనా సరే. రుచి చూసే దశలో మాత్రం మసాలా పల్లీలు దూరం పెట్టండి, పచ్చి ఉల్లిపాయ నోట్లో ఉంటే ఇంకేమీ తెలియదు.

లెక్క, ఇంటిదారి

ఐదు శాతం బీరు అర లీటరులో 25 మి.లీ. ఆల్కహాల్ ఉంటుంది, అంటే దాదాపు 20 గ్రాములు. శరీరం గంటకు సుమారు 7 నుంచి 10 గ్రాములు కరిగిస్తుంది. అంటే ఆ ఒక్క అర లీటరు గ్లాసు పూర్తిగా పోవడానికి రెండు మూడు గంటలు పడుతుంది. వైన్ షాపులో దొరికే 650 మి.లీ. స్ట్రాంగ్ సీసా 8 శాతం అయితే అందులో 52 మి.లీ. ఆల్కహాల్, అలాంటి రెండు అర లీటరు గ్లాసుల కన్నా ఎక్కువే.

మోటారు వాహనాల చట్టం ప్రకారం 100 మి.లీ. రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. మొదటిసారికే ఆరు నెలల వరకు జైలు, పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడొచ్చు. 70 కిలోల మగవాడికి ఖాళీ కడుపుతో ఒక్క అర లీటరుకే ఆ గీత దాటే అవకాశం ఉంది. "ఒక్కటే కదా" అన్న మాట చెల్లదు. బండి ఇంట్లో పెట్టి క్యాబ్‌లో వెళ్లండి. మందులు వాడుతున్నవాళ్లు, ముఖ్యంగా మెట్రోనిడజోల్, షుగర్ మందులు, నిద్రమాత్రలు వాడేవాళ్లు డాక్టర్‌ను అడగకుండా తాగవద్దు. గర్భిణులు అసలే వద్దు.

ఒక సాయంత్రానికి ఒక శాంప్లర్, నచ్చిన దాంట్లో ఒక చిన్న గ్లాసు చాలు. అంతకు మించితే నాలుక పనిచేయదు, ఏది తాగామో గుర్తుండదు.

ఫోన్లో నాలుగు ముక్కలు రాసుకోండి

బీరు పేరు, తేదీ, ఎక్కడ, వాసన ఎలా ఉంది, మళ్లీ తాగుతారా. ఇంతకంటే అక్కర్లేదు. పదాలు మీవే వాడండి. విదేశీ టేస్టింగ్ నోట్స్‌లో గ్రేప్‌ఫ్రూట్ అని ఉంటుంది, మీకు అది పంపరపనసలా అనిపిస్తే అలాగే రాసుకోండి. సిట్రా, మొజాయిక్ లాంటి అమెరికన్ హాప్స్ వేసిన ఐపీఏలో మామిడి వాసన తగిలితే అది బంగినపల్లా, రసాలా అన్నది కూడా మీరే తేల్చుకోవాలి.

ఊరి బీరుతో పరిచయం పెంచుకోవడం

నాలుగైదు చోట్లు తిరిగాక ఒకటి రెండింటిని ఎంచుకుని వాటికే క్రమంగా వెళ్లండి. బ్రూవర్ మధ్యాహ్నం పూట ఉంటారేమో కనుక్కోండి. ఖాళీగా ఉన్న రోజు ట్యాంకులు చూపించమంటే చాలామంది సంతోషంగా చూపిస్తారు. బార్లీ మాల్ట్‌ను సుమారు 65 డిగ్రీల వేడినీళ్లలో గంటసేపు నానబెట్టి, ఆ తియ్యటి నీటిని మరిగించి, హాప్స్ వేసి, చల్లార్చి, ఈస్ట్ కలపడం: ఇదంతా ఒక్క రోజు పని. మిగతా రెండు మూడు వారాలూ ఈస్ట్ చూసుకుంటుంది. ఆ మరిగే వాసన ఒకసారి పీలిస్తే బీరు గురించి చదివిందంతా అర్థమవుతుంది. ఇంట్లో చేద్దామని ఉత్సాహం రావచ్చు. లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఎక్సైజ్ నేరం, ఆ పని పెట్టుకోకండి.

బ్రూవర్‌తో మాట కలిస్తే ధాన్యం గురించి అడగండి. హాప్స్ ఎక్కువగా జర్మనీ, అమెరికా నుంచి వస్తాయి, మన దేశంలో హిమాచల్‌లోని లాహౌల్‌లో కొంత పండించారు. కానీ ధాన్యంలో మన పనితనం చూపించడానికి చోటుంది. టాయిట్ వాళ్లు బాస్మతి బియ్యంతో బాస్మతీ బ్లాండ్ చేస్తారు. దక్కన్ నేల మీద జొన్న ఉంది, రాగి ఉంది, బెల్లం ఉంది. వీటితో బీరు చేయమని అడిగే గిరాకీ ఉంటేనే బ్రూవర్ ఆ రిస్క్ తీసుకుంటాడు. ట్యాంకు నిండా పెట్టి అమ్ముడుపోకపోతే నష్టం అతనిదే. కాబట్టి అలాంటి ప్రయోగం మెనూలో కనబడితే దాన్నే ఆర్డర్ చేయండి. నచ్చితే నచ్చిందని, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో చెప్పండి.

వేసవిలో మామిడి బీర్లు, సెప్టెంబరు చివర్లో ఆక్టోబర్‌ఫెస్ట్ పేరుతో మాల్ట్ రుచి ఎక్కువున్న మార్ట్‌జెన్ లాగర్లు ట్యాప్ మీదికి వస్తుంటాయి. ఇవి ట్యాంకు అయిపోతే అయిపోయినట్టే, మళ్లీ ఏడాదికే. అందుకే బ్రూపబ్‌ల ఇన్‌స్టా పేజీలు ఫాలో అవ్వండి. బెంగళూరు వెళ్లే పనిపడితే ఇందిరానగర్‌లో ఒక సాయంత్రం ఉంచుకోండి. అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇంటికి వెళ్తే అక్కడి ఊరి ట్యాప్‌రూమ్‌కి తీసుకెళ్లమనండి, సూపర్‌మార్కెట్ క్యాన్ల కన్నా అది మేలు.

ఇక మీకు బాగా నచ్చిన బీరు ఒకటి ఎంచుకుని, అదే చోట రెండు నెలల తేడాతో రెండుసార్లు తాగి, రాసుకున్నవి పక్కపక్కన పెట్టి చూడండి. తేడా కనిపిస్తే బ్రూవర్‌ని అడగండి: ఈస్ట్ మార్చారా, హాప్స్ కొత్త లాటా, లేక ఎండలకు ట్యాంకు వేడెక్కిందా అని.